తిప్పే చేయి ఒక్కటే

ఇవాళ నేను మాట్లాడబోయేది కంప్యూటర్ ప్రోగ్రాముల గురించి. మాట మాత్రం సోలాపూర్ నేతపేటల నుంచి మొదలుపెడతాను. బాగా పనిచేస్తున్న ఒక యంత్రాన్ని తెచ్చి, అప్పటికే నడుస్తున్న ఇంకో యంత్రం మీద కూర్చోబెట్టి, రెండింటినీ ఒక్కటిగా నడిపించే విద్య ఆ పేటల్లో తరాలుగా ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఆ పనికే ప్లగిన్ అని పేరు పెట్టుకుని, ఏదో మేమే కనిపెట్టినట్టు తిరుగుతున్నాం.

సోలాపూర్ ఉన్నది మహారాష్ట్రలో. ఊరికి తూర్పున పూర్వ భాగ్ అని ఒక ప్రాంతం ఉంది. సాఖర్ పేఠ్, దాజీ పేఠ్, భద్రావతి పేఠ్, కన్నా చౌక్, అశోక్ చౌక్, ఇవన్నీ ఆ వైపువే. ఆ సందుల్లో నడుస్తుంటే బోర్డులు మరాఠీలో కనిపిస్తాయి, మాటలు తెలుగులో వినిపిస్తాయి. 19వ శతాబ్దం చివరి నుంచి కరీంనగర్, నల్లగొండ, పాలమూరు, వరంగల్ వైపుల నుంచి పద్మశాలీలు బతుకుదెరువు వెతుక్కుంటూ అక్కడికి చేరారు. 1877లో మొదలైన పాత మిల్లు ఒకటి, ఆ తర్వాత వచ్చిన మిల్లులు, వాటితోపాటు చేతిమగ్గాల గిరాకీ వాళ్ళను పిలుచుకున్నాయి. మిల్లులు మూతపడ్డాయి గానీ మనుషులు వెనక్కి రాలేదు. శ్రావణ పౌర్ణమినాడు, అక్కడివాళ్ళు నారళీ పౌర్ణమి అంటారు, మార్కండేయ మహర్షి రథం ఇప్పటికీ వైభవంగా ఊరేగుతుంది. మగవాళ్ళు మగ్గాల దగ్గర, ఆడవాళ్ళు బీడీల చాటల ముందు. చాలా ఇళ్ళలో కుటుంబం నడిచిన తీరు అది. ఆ ఇళ్ళ పిల్లలు కొందరు ఇప్పుడు పూణేలోనూ హైదరాబాద్‌లోనూ కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. ఈ మాటలు ముఖ్యంగా వాళ్ళ కోసం.

సోలాపూర్ చాదర్ తెలియని తెలుగిల్లు తక్కువ. దళసరి నూలు దుప్పటి. ఒకవైపు ఎర్ర నేల మీద తెల్ల పువ్వు ఉంటే, తిరగేస్తే తెల్ల నేల మీద ఎర్ర పువ్వు. ఆ చాదర్‌కీ, అక్కడి టెర్రీ తువ్వాలుకీ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ పువ్వును వేసేది జకార్డు.

జకార్డు మగ్గం, జకార్డు మగ్గం అని అందరం అంటాం. నిజానికి జకార్డు అనేది మగ్గం పైన కూర్చునే తల మాత్రమే. కింద మగ్గం మామూలు మగ్గమే. పడుగు ఉంది, అచ్చు ఉంది, నాడె ఉంది. జకార్డు లేకపోయినా అది బట్ట నేస్తుంది, సాదా బట్ట. పువ్వు కావాలంటే ఏ పడుగు దారం ఎప్పుడు లేవాలో ఒక్కో పేకకూ చెప్పేవాళ్ళు కావాలి. వెనకటికి మగ్గం మీద ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టి దారాలు లాగించేవారు. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో 1725లో బూషోన్ అనే ఆయన చిల్లుల కాగితం చుట్టతో ఆ పని చేయించబోయాడు. ఫాల్కన్ కాగితం బదులు అట్టలు పెట్టాడు. వోకన్‌సోన్ ఇంకో అడుగు వేశాడు. 1804 నాటికి జోసెఫ్ మారీ జకార్డ్ వీటన్నిటినీ కలిపి, రోజూ నడిచే సరుకుగా చేశాడు. పేరు ఆయనకు దక్కింది.

ఒక్కసారి దగ్గరికి వెళ్ళి చూద్దాం. మరమగ్గాల షెడ్‌లో మాట వినిపించదు, సైగలే. మగ్గానికి పైన ఇనుప కమ్ముల మంచె, దాని మీద జకార్డు పెట్టె. పెట్టె పక్కన దారంతో కుట్టిన అట్టల దండ వేలాడుతూ ఉంటుంది. ఒక్కో అట్టకు వరుసల్లో చిల్లులు. నాలుగు పలకల దిమ్మ ఒకటి ఆ అట్టను తెచ్చి సూదుల వరుసకు ఆనిస్తుంది. చిల్లు ఉన్నచోట సూది లోపలికి దూరిపోతుంది, దాని కొక్కెం ఉన్నచోటే నిలబడుతుంది, పైకి లేచే ఇనుప పట్టీ ఆ కొక్కేన్ని పట్టుకుని లేపుతుంది. దాంతోపాటు పడుగు దారం లేస్తుంది. చిల్లు లేనిచోట సూది వెనక్కి నెట్టుకుపోతుంది, కొక్కెం పక్కకు ఒరుగుతుంది, పట్టీకి అందదు, దారం కిందే ఉంటుంది. అంతలో నాడె ఆ సందులోంచి పోతుంది. దిమ్మ ఒక పలక తిరుగుతుంది. రెండో అట్ట. ఒక పేకకు ఒక అట్ట చొప్పున, వెయ్యి పేకల డిజైన్‌కు వెయ్యి అట్టలు. 1839లో లియోన్‌లో జకార్డ్ బొమ్మనే పట్టు మీద నేస్తే దానికి 24,000 అట్టలు పట్టాయి. ఆ బొమ్మ ఒకటి చార్లెస్ బాబేజ్ సంపాదించి ఇంట్లో పెట్టుకున్నాడు, అట్టల ఆలోచనను తన లెక్కల యంత్రంలోకి తీసుకున్నాడు. ఆ కథ చాలామంది చెప్పారు కాబట్టి నేను వదిలేస్తున్నాను.

నాకు కావలసింది చిల్లుల సంగతి కాదు. ఆ జకార్డు పెట్టెకు సొంత మోటారు ఉండదు. మరమగ్గం మీదయితే కింద మగ్గం ఇరుసు నుంచి గొలుసో కమ్మీయో పైకి పోతుంది, దానితోనే పెట్టె కదులుతుంది. చేతిమగ్గం మీదయితే నేతగాడి కాలే ఆధారం. మగ్గం ఒక చుట్టు తిరిగితే జకార్డు ఒక అట్ట చదువుతుంది. మగ్గం ఆగితే జకార్డు ఆగుతుంది. ఏ దారం లేవాలన్న తెలివి మొత్తం జకార్డుది, ఎప్పుడు లేవాలన్న అదుపు మొత్తం మగ్గానిది. ఆ రెండింటి మధ్య కాలం కాస్త తప్పితే, దారాలు పూర్తిగా విడకముందే నాడె బయల్దేరుతుంది, పడుగులో ఇరుక్కుంటుంది. పదులకొద్దీ దారాలు ఒక్కసారే తెగుతాయి. వాటిని ఏరి ముళ్ళు వేసుకునేసరికి సగం పూట పోతుంది.

ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుని కంప్యూటర్ దగ్గరికి వద్దాం.

పూర్వ భాగ్‌లో ఒక కుర్రాడు ఉన్నాడనుకుందాం. ఇంట్లో మగ్గాలున్నాయి. చదువుకున్నది కంప్యూటర్. తండ్రి గ్రాఫ్ కాగితం మీద గడులు నింపి డిజైన్ గీయడం చిన్నప్పటి నుంచి చూశాడు. అడ్డంగా ఒక్కో గడి ఒక్కో కొక్కెం, నిలువుగా ఒక్కో గడి ఒక్కో పేక. ఆ పని చేయడానికి అతను జావాలో ఒక ప్రోగ్రాం రాశాడు. తెర మీద గడులు, రంగులు. ఒక బటన్ నొక్కితే ఏ అట్టలో ఎక్కడ చిల్లు పడాలో ఫైలు తయారవుతుంది. ఇంకో బటన్ నొక్కితే తేలిపోయే దారాలను ఎర్రగా చూపిస్తుంది. ఒక దారం పది పదిహేను పేకల దాకా ఎక్కడా అల్లుకోకుండా పైపైన పోతే, చాదర్ వాడేటప్పుడు గోటికో గాజుకో తగులుకుని లాగేస్తుంది. డిజైన్ గీసేవాళ్ళకు కంటికి అందని ఆ తప్పును ప్రోగ్రాం పట్టిస్తుంది. మంచి ప్రోగ్రాం. రెండుసార్లు నొక్కితే తెరుచుకుంటుంది, పైన ఇంటూ గుర్తు నొక్కితే మూసుకుంటుంది. ఇలాంటివాటినే డెస్క్‌టాప్ అప్లికేషన్ అంటాం.

ఇప్పుడు అతనికి రెండో పని పడింది. అట్టలు లేని జకార్డులు వచ్చాయి కదా. 1983లో బ్రిటన్‌కు చెందిన బోనాస్ కంపెనీ మొదటి ఎలక్ట్రానిక్ జకార్డును ప్రదర్శనలో పెట్టింది. అట్ట బదులు విద్యుత్ అయస్కాంతాలు కొక్కేలను ఎంచుతాయి. పాత జకార్డుకే అట్టల దిమ్మ తీసేసి అయస్కాంతాల వరుస బిగించే పద్ధతీ ఉంది. ఆ అయస్కాంతాలను నడిపే చిన్న బోర్డుకు ప్రోగ్రాం రాయాలి. దాన్ని అతను ఐడీఈలో రాస్తాడు. ఐడీఈ అంటే, ప్రోగ్రాములు రాసేవాళ్ళు పొద్దస్తమానం కూర్చునే సాఫ్ట్‌వేర్. రాయడం, తప్పులు పట్టడం, నడిపి చూడడం అన్నీ ఒకేచోట. ఎక్లిప్స్, ఇంటెలిజే, నెట్‌బీన్స్, విజువల్ స్టూడియో కోడ్, ఇలాంటివి. కోడ్ ఒక కిటికీలో, డిజైన్ ఇంకో కిటికీలో. ఎన్నో పేక దగ్గర ఏ కొక్కెం లేస్తున్నదో చూడాలంటే అటూ ఇటూ గెంతాలి. నా డిజైన్ ప్రోగ్రాంను ఐడీఈ లోపలే ఒక పక్కన పెట్టుకుంటే పోలా అనిపించింది. ప్లగిన్‌గా చేద్దామనుకున్నాడు.

ఇక్కడే చాలామంది, పని అంతా కిటికీలో కిటికీని అతికించడమే అనుకుంటారు. అది అరపూట పని. అసలు పని, ఆ ప్రోగ్రాం చేతిలోంచి పగ్గాలు తీసుకోవడం.

డెస్క్‌టాప్ ప్రోగ్రాం సొంత ఇంటి యజమాని. దానికి మెయిన్ అని ఒక మొదలు ఉంటుంది, ఆపరేటింగ్ సిస్టం నేరుగా దాన్నే పిలుస్తుంది. అక్కడి నుంచి ఎప్పుడు ఏం తెరవాలో, ఎప్పుడు మూసేయాలో అంతా దాని ఇష్టం. పని అయిపోతే సిస్టం ఎగ్జిట్ అని ఒక్క మాట, అంతా ఆగిపోతుంది. ఆ కుర్రాడి ప్రోగ్రాంలో కూడా "ముగించు" అన్న మెనూ వెనక ఆ మాటే ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు ఐడీఈలోకి తెచ్చి ఎవరైనా ముగించు నొక్కితే ఏమవుతుందో తెలుసా? డిజైన్ కిటికీ ఒక్కటే మూసుకోదు. ఐడీఈ మొత్తం, దాచుకోని కోడ్‌తో సహా, టప్పున మాయమవుతుంది. జావాలో ఆ మాట వాడినదాన్ని కాదు, మొత్తం ప్రాసెస్‌నే చంపుతుంది. అందుకని ప్లగిన్ పని మొదలుపెట్టేవాళ్ళకు నేను మొట్టమొదట చెప్పేది, కోడ్ అంతా గాలించి ఎగ్జిట్ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో తీసేయమని. ఒక్కటి మిగిలినా అది ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

ప్లగిన్‌లో మెయిన్ ఉండదు. ఎక్లిప్స్ అయితే, నీ కిటికీ అవసరమైనప్పుడు నేనే పిలుస్తాను, ఇదిగో జాగా, ఇందులో నీ గడులు గీసుకో అంటుంది. ఇంటెలిజే కూడా అంతే. పిలిచినప్పుడు పలకాలి, పలికి వెంటనే పక్కకు తప్పుకోవాలి. పలికినవాడు అక్కడే కూర్చుని లెక్కలు మొదలుపెడితే ఐడీఈ బిగుసుకుపోతుంది. ఆ కుర్రాడి తేలిపోయే దారాల లెక్క పెద్ద డిజైన్ మీద కొన్ని సెకన్లు పడుతుంది. డెస్క్‌టాప్‌లో అతను ఒక్కడే వాడుకునేటప్పుడు ఆ సెకన్లు ఎవరికీ పట్టలేదు. ఐడీఈలో ఆ సెకన్లు కోడ్ టైపు చేస్తున్న వేళ్ళ కింద ఆగిపోతాయి. లెక్కను వెనక దారంలోకి తోసేసి, ఫలితం వచ్చాక తెర మీద పెట్టాలి. జావా వాళ్ళు దీన్ని థ్రెడ్ అంటారు. నేతపేటలో ఈ మాట చెబితే వాళ్ళే ముందు నవ్వుతారు.

అసలైన ముడి ఇంకొకటి ఉంది. తెర మీద జరిగేవన్నీ, అంటే నొక్కుళ్ళు, గీతలు, కదలికలు, వరుసలో నిలబెట్టి ఒక్కొక్కటిగా జరిపించే థ్రెడ్ ప్రతి ప్రోగ్రాంకూ ఒకటి ఉంటుంది. కుర్రాడి ప్రోగ్రాం రాసింది స్వింగ్ అనే జావా సామగ్రితో. నెట్‌బీన్స్, ఇంటెలిజే రెండూ స్వింగ్ మీదే కట్టినవి, కాబట్టి అక్కడ వరుస ఒక్కటే. అతని గడుల పలకను తీసుకెళ్ళి పెడితే పెద్ద గొడవ లేకుండా కూర్చుంటుంది. ఎక్లిప్స్ వేరు. 2001 నవంబరులో ఐబీఎం దాన్ని బయటికి ఇచ్చినప్పుడే స్వింగ్‌ను పక్కనపెట్టి ఎస్‌డబ్ల్యూటీ అనే సొంత సామగ్రి మీద కట్టారు. అంటే ఎక్లిప్స్‌కు ఒక వరుస, స్వింగ్ పలకకు ఇంకో వరుస. రెంటికీ మధ్య వంతెన ఉంది, 2004లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి. కానీ ఇటువాడు అటు పని చెప్పి జవాబు కోసం ఆగి, సరిగ్గా అప్పుడే అటువాడు ఇటు పని చెప్పి జవాబు కోసం ఆగాడా, ఇద్దరూ ఆగిపోతారు. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ కదలరు. నాడె పడుగులో ఇరుక్కోవడం అంటే ఇదే. మగ్గం ఒక చుట్టులో ఉంది, జకార్డు ఇంకో చుట్టులో ఉంది. తేడా ఏమిటంటే ఇక్కడ దారాలు తెగిన చప్పుడు కూడా రాదు, తెర తెల్లబోయి ఊరుకుంటుంది. మాక్ కంప్యూటర్ల మీద ఈ వంతెన చాలాకాలం మరీ ఇబ్బంది పెట్టింది. నియమం ఒక్కటే. అవతలి వరుసకు పని అప్పగించాలి గానీ జవాబు కోసం నిలబడకూడదు.

నన్నడిగితే, చేతిలో స్వింగ్ ప్రోగ్రాం ఉన్నవాడు ఎక్లిప్స్ జోలికి మొదట పోకూడదు. మీ నూలు ఏమిటో చూసుకుని మగ్గం ఎంచుకోండి. ఎక్లిప్స్ గొప్పదే, కాదనను. కానీ ఇద్దరు తాళగాళ్ళతో పాట మొదలుపెట్టడం దేనికి?

ఆ కుర్రాడు ఇదంతా ఇంట్లో చెబితే తండ్రి ఏమంటాడో ఊహించగలను. "జకార్డు పైకి ఎక్కినంక మగ్గందే నడక బిడ్డా, దీని జోరు దీనికుంటే ఎట్ల?" అంటాడు. ఇంజినీరింగ్ కాలేజీలో ఒక సెమిస్టర్ చెప్పినా ఇంతకన్నా చెప్పేది లేదు.

ఇంకా కొన్ని చిక్కులు. అన్నీ ఒకే బరువువి కావు, గబగబా చెబుతాను.

జకార్డు ఎక్కించాలంటే షెడ్ కప్పు ఎత్తు ఉండాలి. కొక్కేల నుంచి పడుగు దాకా దిగే దారాలు తగినంత పొడుగు లేకపోతే పక్కవి మరీ ఏటవాలుగా లాగుతాయి. తక్కువ ఎత్తు రేకుల ఇంట్లో అది కుదరదు. ప్రోగ్రాందీ అదే బాధ. డెస్క్‌టాప్‌లో తెరంతా తనదే అని గీసుకున్న గడుల పలక, ఐడీఈలో పక్కనున్న సన్నటి పట్టీలో కూర్చోవాలి. మూడు వరుసల బటన్లు, కింద రంగుల పెట్టె, ఎడమవైపు పనిముట్లు, ఇవన్నీ పడవు. చాలావరకు తీసేయాలి. నిజానికి తీసేశాక ప్రోగ్రాం బాగుపడడం ఎక్కువసార్లు చూశాను.

మెనూలు వెళ్ళిపోవాలి. ఐడీఈకి ఒక మెనూ ఉంది, అందులో తమ పనులు చేర్చమని అడగాలే తప్ప రెండో మెనూ తెచ్చి పెట్టకూడదు. ఈ అడగడం కోడ్‌లో కాదు, ప్లగిన్‌తోపాటు ఇచ్చే ఒక పత్రంలో ఉంటుంది. నా పేరు ఇది, నా మెనూలు ఇవి, నా కిటికీ ఇది అని. ఎక్లిప్స్ మొదలయ్యేటప్పుడు ఆ పత్రాలు మాత్రమే చదువుతుంది. అసలు కోడ్‌ను ఎవరైనా ఆ మెనూ నొక్కేదాకా తెరవదు. వందల ప్లగిన్లున్నా అది లేచి నిలబడగలిగేది అందువల్లే. మొదటి ఎక్లిప్స్ కట్టినవాళ్ళ ఆలోచనల్లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇది.

కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే ఏది దాచాలి? కోడ్ ఫైలునా, డిజైన్‌నా? ప్రోగ్రాం ఒంటరిగా ఉన్నప్పుడు ఈ ప్రశ్నే పుట్టదు. ఇప్పుడు ఐడీఈకి చెప్పాలి, నా డిజైన్ మారింది, ఇంకా దాచలేదు అని. దాచలేదని ట్యాబ్ మీద చిన్న గుర్తు పెట్టేది ఐడీఈ. దాచమని పిలిచేది కూడా అదే.

ఫైళ్ళ దారులు. ఇది చిన్నగా కనిపిస్తుంది, కొరుకుతుంది. కుర్రాడి ప్రోగ్రాం రంగుల పట్టికను "రంగులు" అనే ఫోల్డర్‌లోంచి చదువుకునేది, ప్రోగ్రాం ఎక్కడుంటే అక్కడే ఆ ఫోల్డరూ ఉండేది. ప్లగిన్ అయ్యాక "ఇక్కడ" అంటే ఐడీఈ నిలబడ్డ చోటు. అక్కడ రంగులూ లేవు, ఏమీ లేదు. సామాన్లన్నీ ప్లగిన్ మూటలోనే కట్టి, మూటలోంచే అడిగి తీసుకోవాలి. అలాగే వాడిన లైబ్రరీలు. ఎక్లిప్స్‌లో 3.0 నుంచి ఓఎస్‌జీఐ అనే పద్ధతి వచ్చింది. దాని ప్రకారం ప్రతి ప్లగిన్‌కూ తన క్లాసులు తనకే కనిపిస్తాయి, పక్కవాడివి కావాలంటే ముందే పత్రంలో రాసివ్వాలి. మొదటిసారి చేసేవాళ్ళకు, ఇంట్లోనే ఉన్న వస్తువు దొరకలేదని ఐడీఈ అంటుంటే పిచ్చెక్కుతుంది. కాని దానివల్ల ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు ఒకే ఐడీఈలో కొట్టుకోకుండా ఉంటాయి.

చావు సంగతి కూడా చెప్పాలి. డెస్క్‌టాప్ ప్రోగ్రాం మూసేస్తే అది వాడిన మెమరీ, తెరిచిన ఫైళ్ళు అన్నీ ఆపరేటింగ్ సిస్టం ఊడ్చేస్తుంది. కాబట్టి ఆ ప్రోగ్రాములు రాసేవాళ్ళకు శుభ్రం చేసుకునే అలవాటు ఉండదు. ప్లగిన్ కిటికీని మూసినా ఐడీఈ బతికే ఉంటుంది, నెలల తరబడి తెరిచి ఉంచేవాళ్ళున్నారు. పదిసార్లు తెరిచి మూస్తే పది డిజైన్లు మెమరీలో మిగిలిపోతాయి. ఇంటెలిజే 2020.1 వెర్షన్ నుంచి ప్లగిన్లను ఐడీఈ ఆపకుండానే ఎక్కించే, దించే వీలు వచ్చింది. అయితే దిగిపోయేటప్పుడు ప్లగిన్ ఎక్కడైనా ఒక్క దారం పట్టుకుని వేలాడినా, మళ్ళీ మొదలుపెట్టండి అని అడుగుతుంది. నా ప్లగిన్ బాగుందో లేదో తెలుసుకోవడానికి నేను చూసే మొదటి పరీక్ష అదే. ఎక్కించడం కాదు, దించడం.

ఇదంతా ఒకే ప్రాసెస్‌లో, ఒకే జావాలో కలిసి బతికే పద్ధతి. రెండో దారి ఒకటుంది. ఇప్పుడు ఎక్కువమంది దాన్నే పడుతున్నారు.

విజువల్ స్టూడియో కోడ్‌ను మైక్రోసాఫ్ట్ 2015లో బయటపెట్టింది. దాని వెనక ఉన్న ఎరిక్ గామా, అంతకుముందు ఎక్లిప్స్ జావా పనిముట్లను కట్టించినవాడే. ఎక్లిప్స్‌లో ప్లగిన్లు ఇల్లంతా తిరిగేవి, ఎక్కడైనా ఏదైనా గీసేవి, ఒకటి ఆగితే అన్నీ ఆగేవి. కొత్త ఇంట్లో ఆయన బృందం తలుపులు వేసింది. అక్కడ ప్లగిన్లను ఎక్స్‌టెన్షన్లు అంటారు, అవి వేరే ప్రాసెస్‌లో నడుస్తాయి, తెరను నేరుగా ముట్టుకోలేవు. గీయాలంటే వెబ్ పేజీ లాంటి ఒక చట్రం ఇస్తారు, అందులో గీసుకోవాలి. కుర్రాడి స్వింగ్ పలకను అక్కడ అతికించడం అసలు కుదరదు. మరేం చేయాలి? ప్రోగ్రాంలోని తెలివిని, అంటే ఏ గడి ఏ కొక్కెం, ఏ దారం తేలుతోంది, ఏ అట్టకు ఏ చిల్లు అన్నదాన్ని తెర లేని ప్రోగ్రాంగా వేరుచేసి వెనక నడపాలి. ముందు వెబ్ చట్రంలో గడులు గీయాలి. ఇద్దరూ సందేశాలతో మాట్లాడుకోవాలి.

ఇది కొత్తగా చెబుతున్నది కాదు. నియోవిమ్ అనే ఎడిటర్ ఉంది, దాని అభిమానులు దాన్ని ఏ ధరకూ వదలరు. వాళ్ళ కోసం చేసిన ఒక విజువల్ స్టూడియో కోడ్ ఎక్స్‌టెన్షన్ నియోవిమ్‌ను తిరిగి రాయలేదు. అసలు నియోవిమ్‌నే తెర లేకుండా వెనక నడుపుతూ, మీటలు దానికి పంపి, జవాబులు ఎడిటర్‌లో చూపిస్తుంది. 2016 జూన్‌లో మైక్రోసాఫ్ట్, రెడ్ హాట్, కోడెన్వీ కలిసి ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ఒప్పందం కూడా ఇదే దారి. తప్పులు పట్టే తెలివి ఒక ప్రాసెస్, చూపించే తెర ఇంకోటి. ఎలక్ట్రానిక్ జకార్డు కూడా అంతే కదా. డిజైన్ ఎక్కడో తయారై ఫైలుగా వస్తుంది, మగ్గం దగ్గర ఉన్న బోర్డు పేక పేకకూ ఒక వరుస చదువుతుంది. డిజైన్ గీసిన కంప్యూటర్ ఆగిపోయినా మగ్గం ఆగదు. అట్టల రోజుల్లోనూ అంతే. డిజైన్ గీసినాయన ఊళ్ళో లేకపోయినా అట్టల దండ ఉంటే చాలు.

దీనికి ఖర్చు లేకపోలేదు. ఒకే ప్రాసెస్‌లో ఉన్నప్పుడు గడి నొక్కితే రంగు వెంటనే మారుతుంది. సందేశాల దారిలో ప్రతి నొక్కుడూ పోయి రావాలి. వెయ్యి పేకలు, కొన్ని వందల కొక్కేలున్న డిజైన్ మొత్తాన్ని ప్రతిసారి అటూ ఇటూ పంపితే తెర మొరాయిస్తుంది. మారిన గడులే పంపాలి. రాయడం ఎక్కువ పని. అయినా ప్లగిన్ కూలితే ఐడీఈ నిలబడుతుందన్న భరోసా ఆ ఖర్చుకు తగినదే.

ఏ దారిలో పోయినా మొదట చేయాల్సిన పని ఒకటే. ప్రోగ్రాంను తెలివి ఒక మూటగా, తెర ఒక మూటగా విడదీయడం. ఇది మాటల్లో తేలిక. కుర్రాడి కోడ్‌లో "చిల్లు వేయి" అన్న బటన్ కిందే చిల్లుల లెక్క కూడా రాసి ఉంటుంది. బటన్ లేకపోతే లెక్క లేదు. తేలిపోయే దారం దొరకగానే అక్కడికక్కడే ఒక హెచ్చరిక పెట్టె తెరిచి ఉంటుంది. ఆ పెట్టె ఐడీఈ మధ్యలో ఎగిరి ముందుకొచ్చి దారికి అడ్డుపడుతుంది. ఒక్కొక్కటీ విప్పి, లెక్క లెక్కగా, చూపించేది చూపించేదిగా పెట్టుకోవాలి. మొత్తం పనిలో సగానికి పైగా కాలం ఇక్కడే పోతుంది, పోవాలి కూడా. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బిల్ ప్యూ వాళ్ళు చేసిన ఫైండ్‌బగ్స్ చూడండి. జావా కోడ్‌లో తప్పులు పట్టే పనిముట్టు. సొంత కిటికీతో డెస్క్‌టాప్ ప్రోగ్రాంగా నడిచేది, కిటికీ లేకుండా ఆదేశంతో నడిచేది, ఎక్లిప్స్ ప్లగిన్‌గానూ నడిచేది. లోపలి ఇంజన్ మూడింటికీ ఒక్కటే. సీన్ బిల్డర్ అనే తెరలు గీసే పనిముట్టు కూడా అంతే. విడిగా వాడుకోవచ్చు, ఇంటెలిజేలో ఒక ట్యాబ్‌గానూ దొరుకుతుంది.

ఆతిథ్యమిచ్చే ఐడీఈ ఊరికే ఉండదు, ఏడాదికి కొన్నిసార్లు మారుతుంది. నిన్న ఉన్న తలుపు ఇవాళ ఉండకపోవచ్చు. ఇంటెలిజే పత్రంలో ఫలానా వెర్షన్ నుంచి ఫలానా వెర్షన్ దాకా పనిచేస్తాను అని రాసే చోటు అందుకే పెట్టారు. తెలివి మూట విడిగా ఉంటే ఇలాంటి మార్పు వచ్చినప్పుడు పై పొర ఒక్కటే కుట్టుకుంటే సరిపోతుంది.

కుర్రాడు నన్నడిగితే చెప్పే సలహా ఇది. ముందు తెలివిని విడదీయి. రెండు, ఇంటెలిజేలో స్వింగ్ పలకగా పెట్టుకో, నీ రోజువారీ పనికి అది చాలు. మూడు, పక్కవాళ్ళు విజువల్ స్టూడియో కోడ్ వాడుతుంటే అప్పుడు వెనక ప్రాసెస్ దారి చూడు, ముందే వద్దు. పాత డెస్క్‌టాప్ ప్రోగ్రాంను మాత్రం తీసేయకు. మగ్గం పక్కన కూర్చుని గ్రాఫ్ గడులు నింపే మీ నాయనకు ఐడీఈతో పనేమిటి? ఆయన తెరవాల్సింది గడులూ రంగులూ ఉన్న కిటికీ ఒక్కటే. దానికి సొంత మెనూ ఉండనీ, తెరంతా దాన్నే ఆక్రమించుకోనీ, ముగించు అన్న బటన్ నొక్కితే నిజంగా ముగియనీ.